స్టేషన్ గ్రూపులో నా తుపాకీ

నేను తుపాకీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఎస్సైగారి మీద అరిచానని తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతోంది. ఏలూరు చేరేసరికి ఆ కథలో నేను గురి కూడా పెట్టేశాను. అరిచిన మాట నిజం. తుపాకీ మాత్రం నా చేతిలో లేదు. అది అప్పటికే స్టేషన్‌లో ఉంది, గొడవంతా అందుకే.

ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకులు తీసుకెళ్ళి స్టేషన్‌లో అప్పగించాలి, అన్నీ అయ్యాక తిరిగి ఇస్తారు. ఆ పద్ధతితో నాకు పేచీ లేదు. మా ఆయన పోయాక కొల్లేరు అంచున మా చేపల చెరువులు నేనే చూసుకుంటున్నాను. గట్టు మీద ఇంట్లో నేనూ మా అత్తగారూ, అంతే. ఆయన తుపాకీకి నా పేరు మీద లైసెన్సు తెచ్చుకునేసరికి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగాయి. తెచ్చుకున్నాక ఎవరికీ చెప్పలేదు. అది ఇంకా ఇంట్లో ఉందో, ప్రభుత్వానికి ఇచ్చేశానో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. దాన్ని నేను పేల్చింది లేదు. ఉందేమోనని వచ్చేవాడు అనుమానపడితే చాలు, మాకు అదే కాపలా.

ఒక పొద్దున్న మేత కొనడానికి దెందులూరు వెళితే కొట్టాయన తూకం వేస్తూ అన్నాడు, “తుపాకీ స్టేషన్‌లో పెట్టేశారటగా అండీ. మంచి పని చేశారు.”

“మీకెవరు చెప్పారు?”

“అందరికీ వచ్చిందండీ,” అని ఫోన్ చూపించాడు.

స్టేషన్‌లోని లిస్టుకి తీసిన ఫొటో. ఊరు, పేరు, భర్త పేరు, ఏ రకం తుపాకీ, చివర అప్పగించారా లేదా. నా పేరు ఎదురుగా టిక్కు. ఇంకా ఇవ్వనివాళ్ళు తొందరపడతారని స్టేషన్‌వాళ్ళే నడిపే ఊళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారట. అక్కణ్ణించి చేపల రైతుల గ్రూపుకి, అక్కణ్ణించి ఎక్కడికో.

మా పక్క చెరువు ఆసామి ఏటా తనవైపు నుంచి మా గట్టు కొంచెం కొంచెం తవ్వుకుంటూ వస్తాడు. ఆ సాయంత్రం అతను నేరుగా మా గట్టెక్కి, మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఇంక కొన్నాళ్ళు తమరు కాస్త మెత్తగా మాట్లాడతారేమో అండీ.”

మా వైపు బెదిరింపు కూడా మర్యాదగానే ఉంటుంది. లోపల్నుంచి మా అత్తగారు, “చీపురుకట్ట ఇలా ఇయ్యవే, దానికి లైసెన్సు అక్కర్లేదుగా,” అంది. అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం వెంటనే తలుపు గడియ వేసింది. వెలుతురుండగా ఆవిడ గడియ వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాను.

“అందరూ త్వరగా అప్పగిస్తారని పెట్టామండీ. చెడ్డ ఉద్దేశమేముంది?” అన్నారు ఎస్సైగారు.

“అప్పగించనివాళ్ళకి ఫోన్ చెయ్యండి. అప్పగించినవాళ్ళ పేర్లు ఊరికెందుకు?”

“లిస్టు అంతా ఒకటే కాయితం కదండీ.”

“మీరు ఊరెళ్ళినప్పుడు మీ ఇంటి తాళానికి ఫొటో తీసి అదే గ్రూపులో పెడతారా?”

ఇక్కడే అరిచాను. ఆయన మంచినీళ్ళు తెప్పించి, “డిలీట్ చేయించేస్తానండీ, మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకోవాలి,” అన్నారు. చదువుకున్నదాన్ని కాబట్టే, డిలీట్ చేస్తే పక్క చెరువు ఆసామి ఫోన్‌లోంచి పోదని నాకు తెలుసు. తుపాకీ తిరిగొచ్చేదాకా రోజూ మా గట్టు మీదకి కానిస్టేబుల్‌ని పంపుతామని కాయితం మీద రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. పంపారు కూడా.

తుపాకీ వచ్చింది. “వచ్చేసిందిగా, ఇంకా ఏమిటే నీ గోల?” అంది ఆడపడుచు. ఏమిటంటే, మా ఇంట్లో ఏముందో ఇప్పుడు ఆ ఆసామికి తెలుసు. మళ్ళీ ఎన్నికలొస్తే ఎప్పుడు ఉండదో కూడా తెలుసు. లైసెన్సు వదిలేసుకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వదలను. తప్పు చేసినవాళ్ళని ఎవరూ ఏమీ వదులుకోమనడం లేదు.

ఆ లిస్టు బయట పెట్టమని ఎవరు చెప్పారు, ఎవరు పెట్టారు అని సమాచార హక్కు కింద ఏలూరులో ఎస్పీ ఆఫీసుకి అర్జీ పెట్టాను. జవాబొచ్చింది. ఆ ఉద్యోగి పేరు వ్యక్తిగత సమాచారమట, ఇవ్వడం కుదరదట. అప్పీలు రాసి పంపించాను. ఇదీ కుదరదంటే పైకి వెళతాను, అక్కడా ఇదే అడుగుతాను: నా పేరూ, మా ఊరూ, మా ఇంట్లో ఉన్నదీ లేనిదీ ఊరందరి ముందూ పరిచినవాడి పేరుకి ఉన్న గుట్టు, నా పేరుకి ఎందుకు లేకపోయింది?