రమ్ములో నానిన కిస్‌మిస్

క్రిస్మస్ కేకు చూస్తే నాకు ఇప్పటికీ ఆ బందరు బస్సే గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

మా అనంతపురంలో మేం కేకు బేకరీలో కొనుక్కోవడమే. గుడివాడలోని నా స్నేహితురాలు మాత్రం దసరా నాటికే కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు రమ్ములో నానబెడుతుంది. డిసెంబరులో నేను వాళ్ళింటికి వెళ్తే, బందరులో ఉన్న వాళ్ళ అత్తగారికి ఇవ్వమని అవి నింపిన ఒక సీసా నా సంచిలో పెట్టి బస్సెక్కించింది.

నా పక్క సీట్లో, గుడివాడలో చేపలమ్ముకుని మంగినపూడి తిరిగి వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. గుడ్లవల్లేరు దాటేసరికి బస్సంతా మందు వాసన. కండక్టర్ నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"పట్టపగలే వేసుకొచ్చావా? దిగు."

"నేను ముట్టనండీ. మా ఆయన తాగే పోయాడు."

"అందరూ చెప్పే మాటే. దించెయ్యవయ్యా!" అని వెనక సీటాయన వంత పాడాడు.

అనుమానమొచ్చి సంచిలో చెయ్యి పెట్టాను. తడి తగిలింది. సీసా పైకెత్తి, ఆ వాసన దీనిదని, క్రిస్మస్ కేకు కోసమని చెప్పాను.

"కేకుకా మేడమ్! మూత గట్టిగా పెట్టుకోండి" అని కండక్టర్ నవ్వాడు. వెనకాయనా నవ్వాడు.

"ముందు ఆవిడకి సారీ చెప్పండి!" అని అరిచాను.

"పోనీయండి మేడమ్" అంటూ అతను వెనక్కి తిరిగాడు.

అప్పుడు ఆవిడ లేచి నిలబడి, బస్సంతా వినపడేలా అడిగింది.

"నా నోటిదనుకుని దిగమన్నావు. ఈవిడ సీసాదని తెలిశాక మూత పెట్టుకోమన్నావు. ఏం బాబూ, వాసన మారిందా?"