ఆ పొద్దున తాగించిన పాలు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా యారాలు, అంటే నా మరిది భార్య, గద్వాలలో ఆపరేషన్‌కు పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది. తెచ్చుకుందా? చూడండి, ఇప్పుడు కూడా తప్పు ఆమె మీదికే తోస్తున్నాను. తెచ్చింది నేను.

ఆమె పిత్తాశయంలో రాళ్లు. పెద్ద ఆపరేషనేమీ కాదన్నారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా, తాగకుండా తీసుకురమ్మన్నారు. రాజోలి దగ్గరి మా ఊళ్లో నేను ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. మా ఇంట్లో ఒక్కపొద్దంటే అన్నం ముట్టకపోవడం. పాలు తాగితే చెడదు, అరటిపండు తింటే చెడదు. డాక్టరు చెప్పిందీ అలాంటిదే అనుకున్నాను. దేవుడికి లేని పట్టింపు డాక్టరుకెందుకు? బస్సెక్కే ముందు చక్కెర వేసి గ్లాసెడు పాలు ఇచ్చాను. ఉత్త కడుపుతో అంత దూరం ఎలా పోతుందని.

ఇంతవరకైతే తెలియనితనం. దాన్ని దేవుడైనా మన్నిస్తాడేమో. కానీ దవాఖానలో నర్సు వచ్చి అడిగింది.

"ఏమన్న తిన్నదా అమ్మా? పాలు, ఛాయ్ ఏమన్న తాగిందా?"

"ఏం తాగలే మేడం. నిన్నటిసంది ఒక్కపొద్దే ఉన్నది."

పాల పేరు నర్సు నోటితోనే విన్నాను. విన్నాక కూడా ఎందుకు అబద్ధమాడాను? నిజం చెబితే వాయిదా వేస్తారు. చేనులో పల్లికాయ పీకడానికి కూలీలను మాట్లాడి పెట్టుకున్నాం. మళ్లీ ఇంత దూరం ఎవరొస్తారు? గ్లాసెడు పాలకు ఏమవుతుందిలే? యారాలు నా వైపు చూసింది. పెద్దదాన్ని కదా, నా మాటకు ఎదురు చెప్పలేదు.

ఏమవుతుందో తర్వాత తెలిసింది. మెలకువగా ఉన్నప్పుడు పొలమారితే దగ్గుతాం, గొంతు తనను తాను కాచుకుంటుంది. పూర్తి మత్తులో ఆ కాపలా ఉండదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. పాలు నీళ్లలాంటివి కావట, కడుపులో విరిగి చాలాసేపు నిలుస్తాయట.

మత్తు డాక్టరు పరుగున బయటికొచ్చి, గొంతులో పాలు కనిపించాయన్నాడు. మావాళ్లు నమ్మలేదు. ఏమీ తాగలేదనడానికి నేనే సాక్షిని కదా. మా మరిది ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఏడుపు నిజమైనదే, కానీ దాని చాటున దాక్కున్నాను. ఆమెను కర్నూలుకు తీసుకుపోయాం. బతకలేదు.

ఆమె బిడ్డను నేనే పెంచాను. ఇప్పుడు వనపర్తిలో ఉద్యోగం చేస్తోంది. తల్లికొచ్చిన రాళ్లే బిడ్డకూ వచ్చాయి. కళ్లు పచ్చబడ్డాయి, నొప్పికి మెలికలు తిరుగుతోంది. ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే ముప్పంటున్నారు. ఆపరేషన్ అంటే మాత్రం ససేమిరా అంటోంది. మా అమ్మను మత్తే మింగింది అంటోంది. ఆ మాట ఆమెకు నేర్పిందెవరు? మా ఇల్లంతా కలిసి నేర్పింది. నేను వింటూ కూర్చున్నాను, ఒక్కసారి కూడా కాదనలేదు. తల్లిని చంపిన అబద్ధం బిడ్డనూ మింగుతుందా? ఎంతమంది దేవుళ్లకు మొక్కాను! ఏ దేవుడూ నా బదులు నోరు తెరవడు కదా.

ఈ రోజు బిడ్డకు చెప్పేశాను. పాల సంగతి, నర్సు సంగతి, అన్నీ. ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్మ తాగనన్నదా పెద్దమ్మా?"

అవును, తాగనన్నది. డాక్టరు వద్దన్నడు కదక్కా అని గ్లాసు పక్కకు జరిపింది. నేనే కసిరి తాగించాను. ఇది మీకు కూడా చెప్పకుండా, తెలియనితనం అని రాసుకుంటూ వచ్చాను. బిడ్డ ముందు మాత్రం దాచలేకపోయాను. తాగనన్నది బిడ్డా, అన్నాను.

"రేపు దవాఖానకు పోత. నువ్వు మాత్రం నాతోని రాకు," అంది.

పోతానంది, అంతే చాలు. మళ్లీ నన్ను పెద్దమ్మా అని పిలుస్తుందో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు. ఇక దాచడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.