నాన్న మోసిన మేత

మా నాన్న సముద్రం మీద వేట మానేశాక ఆయనకు మిగిలిన పని ఒక్కటే. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి గరాచర్మ ఊళ్లో చేపల బజారులో పేగులూ తలకాయలూ పోగుచేసి, మూత బకెట్లలో నింపి, బస్సులో తుష్నాబాద్ తీసుకెళ్లి ఒక దీదీ నడిపే పందుల ఫారానికి మేతగా ఇవ్వడం. కండక్టరు ముక్కు మూసుకునేవాడు. నాన్న మాత్రం ఆఫీసుకు వెళ్తున్నంత దర్జాగా వెనక సీటులో కూర్చునేవాడు.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో పశువుల రోగాలు చూసే ల్యాబులో టెక్నీషియన్‌ని. ఆ ఫారంలో పనివాళ్లకు జ్వరం, విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు అక్కడి నుంచి సీసాలు తెచ్చారు. పందుల పెంట, నీళ్లు, మేత. మేత సీసా మూత తీయగానే వాసనకే అది ఎవరు మోసిన మేతో తెలిసిపోయింది.

అలాంటి జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి తొందరపడితే దొరకదు. ముందు చారులాంటి పలచని ద్రవంలో వెచ్చగా ఉంచి దానికి బలం పట్టించాలి. తర్వాత మిగతా క్రిములను అణిచే ఇంకో ద్రవంలోకి మార్చాలి. ఆపైన ఆ ద్రవాన్ని తీగతో తీసి, ఎర్రటి జెల్లీ పోసిన ప్లేటు మీద గీయాలి. నడుమ నల్లచుక్కతో మచ్చలు లేస్తే అనుమానం. ఇంకొన్ని పరీక్షలు దాటాక, ఆ మచ్చను గాజు పలక మీద సీరం చుక్కలో కలిపితే విరిగిన పాలలా పలుకులు కట్టాలి; అప్పుడే అదేనని ఖాయం. పెంటలోదీ కట్టింది, మేతలోదీ కట్టింది. నాకు ఏడుపు రావలసింది. రాలేదు. ఆ పలకను మందునీళ్లలో వేసి ఇంకోటి తీసుకున్నాను.

ఉడికించి పెట్టొచ్చని డాక్టరుగారు అన్నారు గానీ, దీదీ భయపడి చేపల మేతే వద్దంది. ఎర్ర ప్లేటు సంగతీ, దీదీ మాటా నాన్నకు చెప్పడం నా వంతయింది.

"పందులన్నీ ఠీక్‌గానే ఉన్నాయి గదే! బీమార్ ఏటీ లేదు."

"పందికి ఏటీ అవదు నాన్నా. అది మోస్తాదంతే. మనుషులకి తగులుకుంటాది."

"మోసినోడికి తెలీదా?"

"తెలీదు."

నోటికాడి కూడు తీసేశానని కోప్పడతాడనుకున్నాను. ఆయన రెండు చేతులూ నా ముందుకు చాపాడు. "అయితే నన్ను కూడా ఆ ఎర్ర పిలేటు మీద ఏసి సూడే. నేనూ మోత్తన్నానేమో."

సబ్బుతో కడుక్కుంటే చాలన్నాను. చాలాసేపు కడుక్కున్నాడు.

అప్పటికి నా కూతురు గోడ పట్టుకుని నిలబడుతోంది. తాత కనబడితే ఎత్తుకోమని ఎగిరేది. ఆ రోజు నుంచి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని పలకరించేవాడు. ఏం ఫరవాలేదని నేను చెప్పిన ప్రతిసారీ విన్నాడు, తల ఊపాడు. ఎత్తుకోలేదు.