అన్న గురించి ఇంగ్లీషులో రాసిన ఒక వాక్యం

మగ్గం లేని ఇల్లు చూడాలంటే మా ఊరు దాటి పోవాల్సిందే. కడపలో పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదిరేలోగా నడిచి చేరగలిగే ఊరు మాది. అంతటి నేతగాళ్ల ఊళ్లో, ఎన్నడూ మగ్గం గుంతలోకి దిగని మగవాడు మా ఇంట్లో ఒకడుండేవాడు. వాణ్ణి నేనే.

నాయనకు చూపు మందగించేనాటికి అన్న నాలుగో తరగతిలో ఉన్నాడు. ఆ ఏడే బడి మానేసి మగ్గం గుంతలో కాళ్లు దింపి కూర్చున్నాడు. నాయన అరుగు మీద చేరి, తడుముకుంటూ రాట్నం తిప్పి కండెలు చుట్టేవాడు. నేను సాయానికి పోతే అన్న కసిరేవాడు. "నీ చేతులు కాయలు కాస్తే కలం ఎట్ల పట్టుకుంటావురా? పో, సదువుకోపో." నేనూ గట్టిగా పట్టుబట్టిందేమీ లేదు. ఆ కసురు కోసమే కాచుకున్నట్టు పుస్తకం తీసుకుని జారుకునేవాణ్ణి. కడపలో హైస్కూలు చదువు అట్లా పూర్తయింది.

ఆ తర్వాత ఏమిటన్నది ఇంట్లో పెద్ద ప్రశ్న అయింది. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరితే చాలని అమ్మ అనేది. అన్న మాత్రం కాలేజీ అనేవాడు. కాలేజీ అంటే ఏమిటో, ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. నేను పోవాలని మాత్రం తెలుసు. మా హెడ్మాస్టరు ఒక దారి చూపించారు. మద్రాసు వైపు ఒక కాలేజీవాళ్లు దత్తమండలాల పేదపిల్లలు ఇద్దరికి ఫీజు లేకుండా చదువు చెప్పి, భోజనం పెడతారట. నువ్వెవరు, నీ దినం ఎట్లా గడుస్తుంది, ఎందుకు చదవాలనుకుంటున్నావు అన్నది సొంత చేతిరాతతో, ఇంగ్లీషులో రాసి పంపాలట.

మొదట నిజమే రాశాను. మా అన్న నేస్తాడు, నేను చదువుతాను అని. తిరిగి చదువుకుంటే చప్పగా తోచింది. నీడపట్టున కూర్చుని అన్న సంపాదన తింటున్నవాడి మీద ఎవరికి జాలి పుడుతుంది? ఆ కాగితం చించేశాను. రెండో కాగితంలో అన్న దినం మొత్తం నాదిగా రాసుకున్నాను. చుక్కలుండగానే లేచేది నేను. వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి, ఎండ రాకముందే గంజి పట్టించి కుంచెతో దువ్వేది నేను. గుంతలో నడుములు పడిపోయేదీ నాకే. ఒక్క అబద్ధానికి ఎన్ని నిజమైన వివరాలో! కళ్లారా చూసినవే కాబట్టి తడుముకోకుండా వచ్చాయి.

అంతా అయ్యాక ఒక చిక్కు మిగిలింది. ఇంట్లో వయసొచ్చిన అన్న ఉన్నాడు, మరి అతనేం చేస్తున్నట్టు? ఐడిల్ అన్న ఇంగ్లీషు మాట నేను అప్పుడే కొత్తగా నేర్చుకున్నాను. ఎక్కడైనా వాడాలని చెయ్యి దురదగా ఉండేది. మా అన్న సోమరి, అతని వల్ల ఇంటికి ఏ ఉపయోగమూ లేదు అని ఆ మాట పెట్టి రాశాను. రాసి, వాక్యం కుదిరిందని సంబరపడ్డాను కూడా. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంగ్లీషు ఉత్తరం కదా, మా వీధికి తిరిగొస్తుందని అనుకోలేదు. నెల తిరక్కుండానే కర్నూలు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. దరఖాస్తు పెట్టినవాళ్ల ఇళ్లు చూసిరమ్మని కాలేజీవాళ్లు పంపారట. తలపాగా, గొడుగు, చంకలో కాగితాల కట్ట. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అన్న గబగబా చొక్కా తొడుక్కుని వచ్చి మంచం వాల్చాడు. ఆయన కూర్చుని, మంచినీళ్లు తాగి, నా ఉత్తరం తీశాడు.

"మీవాడు రాసింది మీకూ తెలియాలి గదా. తెలుగులో చెప్తాను, వినండి" అన్నాడు.

చుక్కల పొద్దు, గంజి, కుంచె, నడుము నొప్పి, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. నాయన చేతిలో రాట్నం ఆగిపోయింది. అమ్మ గడపలో నిలబడి నావైపే చూస్తోంది. ఎదురింటి అవ్వ, పక్కింటివాళ్లు అరుగు దగ్గరికి చేరారు. ఆయన చివరికి సోమరి వాక్యం కూడా చదివి, కళ్లజోడు పైనుంచి అన్నను చూశాడు.

"ఇదంతా నిజమేనా?"

అన్న నావైపు ఒక్కసారి చూశాడు. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బతికిపోయేవాణ్ణి.

"నిజమే సామీ. నేను వట్టి సోమరిపోతును. ఈడు ల్యాకపోతే మా ఇల్లు గడవదు" అన్నాడు.

ఎదురింటి అవ్వ నోరు తెరవబోయింది. అన్న ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయనకు అంతటితో తృప్తి కలగలేదు. "ఏదీ, ఒక జానెడు నేసి చూపించు నాయనా" అన్నాడు నాతో. మగ్గం మీద అన్న సగం నేసిన చీర ఉంది. ఒకరు మొదలుపెట్టిన చీర మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదని మాలో పట్టింపు. చెయ్యి మారితే నేత మారుతుంది, చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అన్నే నన్ను ముందుకు తోశాడు. గుంతలోకి దిగాను. తొక్కాల్సిన కర్ర ఒకటైతే తొక్కింది ఇంకొకటి. పేక దారం తీసుకుపోయే నాడె విసిరితే సగంలో ఇరుక్కుంది. బలమంతా పెట్టి లాగేసరికి పడుగు దారాలు పటపటా తెగాయి. నేతగాడి ఇంట పుట్టినవాడు అట్లా లాగడు. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమిటిది?" అన్నాడు పెద్దాయన.

"తప్పు నాది సామీ" అన్నాడు అన్న. "ఈ పడుగుకు గంజి నేను పెట్టినా. ఎప్పుడూ వాడే పెడతాడు. పరీచ్చలని ఒక్క దినం నాకు అప్పజెప్పినాడు, దాన్నే చెడగొట్టినా. అందుకే నాడె ఇరుక్కుంటాంది, దారాలు తెగుతాండాయి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను చెప్పాల్సిన సాకు అది. నా తరఫున అన్న చెప్పాడు. ఊళ్లో ఎవరి పడుగుకు గంజి సరిగా పట్టకపోయినా అన్ననే పిలుచుకుపోయేవాళ్లు. ఆయన గంజి పెట్టిన పడుగులో దారం తెగిందంటే ఎవరూ నమ్మరు. అంతటి పేరును, అందరూ వింటుండగా, తన నోటితోనే మట్టిలో కలిపేశాడు.

పెద్దాయన లేస్తూ అన్నకు బుద్ధి కూడా చెప్పాడు. "ఇకనైనా తమ్ముణ్ణి చూసి నేర్చుకోవయ్యా."

"అట్లే సామీ" అని అన్న చేతులు జోడించాడు.

నేను గుంతలోనే ఉన్నాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే సీటు పోతుందన్న భయమే నాలో ఎక్కువగా ఉంది, అన్న మీద ప్రేమ కంటే ఎక్కువగా.

పెద్దాయన వీధి మలుపు తిరగ్గానే అమ్మ నామీద విరుచుకుపడింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు గదరా!" అన్న అమ్మను ఊరుకోమన్నాడు. నేను చెడగొట్టిన పేకంతా విప్పి, తెగిన దారాలు ఒక్కొక్కటే వెతికి ముడేసుకుంటూ కూర్చున్నాడు. ఆ పూట నేత సాగలేదు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. క్షమించమని అడగడానికి అంత సమయం దొరికింది. అడగలేదు.

సీటు వచ్చింది. ఊరంతా అన్నను "ఏమప్పా సోమరీ, లేచినావా?" అని ఆటపట్టించేది. అన్నా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇంట్లో మాత్రం ఆయన ఆ ఊసు ఎత్తలేదు.

నేను బయలుదేరే ముందురోజు, పెట్టె సర్దుకుంటుంటే, గుంతలోంచి పిలిచాడు. "ఆ కాయితం చిత్తు నీ కాడుండాదా? ఒకసారి సదువు. నువ్వు రాసింది నీ నోటితో వినల్ల."

కాలేజీకి పంపినదాని చిత్తు ప్రతి తీసుకుని పక్కన కూర్చున్నాను. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, వాటిలో లేని తెలుగు చదివాను. మా అన్న చుక్కలుండగానే లేస్తాడని, మా అన్న పెట్టిన గంజికి ఊళ్లో సాటి లేదని, మా అన్న బడి మానితేనే నేను బడికి పోయానని. అన్న నాడె పక్కన పెట్టి, తలొంచుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాదబ్బీ" అన్నాడు. "శానా బాగుండాది. దీన్నే పంపించింటే సరిపోయుండు గదా."