రేసు డ్రైవరుతో మస్కట్ నుంచి సలాలాకు

మస్కట్ నుంచి సలాలాకు రోడ్డు మీద వెళ్తే ఎలా ఉంటుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ఆ దారిన ఇప్పటికి పదిహేను సార్లయినా వెళ్లి ఉంటాను. మొదటిసారి వెళ్లింది మాత్రం మా అక్క కోసం. తొంభైల మధ్యలో, జులై నెల. మాది కడప జిల్లా రాజంపేట దగ్గర పల్లె. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, మస్కట్లో ఒక కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్‌ని. అక్క సలాలాలో ఒక ఒమానీ ఇంట్లో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గాని మధ్యలో వెయ్యి కిలోమీటర్లు. నేను ఒమన్ వచ్చిన రెండేళ్లలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. నెలకోసారి ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం, అంతే.

ఒక మంగళవారం సాయంత్రం వర్క్‌షాపుకి ఫోన్ వచ్చింది. అక్క పనిచేసే ఇంటి డ్రైవరు, మలయాళీ, హిందీలో గబగబా చెప్పాడు. అక్కకు రెండు రోజులుగా కడుపునొప్పి, ఆసుపత్రిలో చేర్చారు, అపెండిక్స్ అన్నారు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారట. ఈవిడేమో తమ్ముడు వస్తే గాని కాగితం మీద సంతకం పెట్టనని మొండికేసిందట. నేనేదో అడిగేలోపే లైను తెగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

మా ముదీర్, అంటే మేనేజరు, మంచివాడే. లీవు అప్పటికప్పుడు రాసిచ్చాడు. కానీ సలాలాలో అది వానల సీజన్. విమానంలో సీట్లు లేవు, మస్కట్లోని రువీ నుంచి వెళ్లే బస్సులో ఎల్లుండి దాకా ఖాళీ లేదు. ఎనిమిది రియాళ్ల టికెట్టుకి ఇంకో రెండు కలిపి ఇస్తానన్నా కుదరలేదు. అప్పుడు ముదీర్ అన్నాడు, రేపు పొద్దున అయిదింటికి ఒటావియో సలాలా వెళ్తున్నాడు, అతని బండిలో పొమ్మని.

ఒటావియో అంటే మా కంపెనీలో అందరికీ తెలుసు. బ్రెజిల్ వాడు, నలభైకి దగ్గరలో ఉంటాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఒకప్పుడు యూరప్‌లో రేసు కార్లు నడిపాడట. ఇప్పుడు మా కంపెనీ డ్రైవర్లకు ఎడారి రోడ్ల మీద బండి నడపడం నేర్పే ఉద్యోగం. సలాలా బ్రాంచిలో క్లాసు చెప్పడానికి వెళ్తున్నాడు. ఆ మాట వినగానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. రేసు డ్రైవరు, పైగా కొత్త ల్యాండ్ క్రూజర్. మధ్యాహ్నం అన్నం వేళకి అక్క పక్కన ఉంటాననుకున్నాను.

సరిగ్గా అయిదింటికి బయల్దేరాం. బయల్దేరే ముందు ఆయన నాలుగు టైర్లూ వంగి చూశాడు, స్టెప్నీలో గాలి చూశాడు, వెనక నీళ్ల క్యాన్లు కదలకుండా తాడు కట్టాడు. ఇవన్నీ ముందురోజే నేను చూసి పెట్టినవే. నాకు కొంచెం చిరాకేసింది. ఫంజా దాటి, కొండల మధ్య సమాయిల్ లోయ గుండా నిజ్వా చేరేసరికి ఏడు కావొచ్చింది. అక్కడ టీ తాగాం. దారి కొత్తవాళ్లకి చెప్తున్నాను, నిజ్వా దాకా చూడ్డానికి చాలా ఉంటుంది, ఖర్జూరం తోటలు, మట్టి కోటలు. ఆదం దాటాక ఇక ఏమీ ఉండదు. రోడ్డు తీగలాగా నిటారుగా సాగిపోతుంది, రెండు పక్కలా బూడిదరంగు నేల. అప్పుడది రెండు వరసల రోడ్డు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి.

ఆదం దాటాకే నాకు అసలు సంగతి అర్థమైంది. స్పీడు ముల్లు నూరు దగ్గర నిలబడిపోయింది. ఆ రోజుల్లో నూట ఇరవై దాటితే బండిలో టింగు టింగుమని గంట మోగేది. మా బండిలో ఆ గంట ఒక్కసారి కూడా మోగలేదు. లారీలు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోతున్నాయి. ఒక పాత టాక్సీ కూడా దాటిపోయింది.

నా ముఖం చూసి కాబోలు, ఆయన తన కథ ఎత్తుకున్నాడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. సావో పాలో ఊరి చివర వాళ్ల నాన్నకు రొట్టెల కొట్టు ఉందట. పదకొండో ఏట చిన్న చక్రాల గో-కార్టుతో రేసులు మొదలుపెట్టాడు. రొట్టెలు వేసే వ్యానులోనే ఆ కార్టుని ట్రాకుకి తీసుకెళ్లేవారట, కార్టు నిండా పిండి. పంతొమ్మిదో ఏట ఒక్క సూట్‌కేసుతో ఇంగ్లండు వెళ్లి, గ్యారేజీ వెనక గదిలో పడుకుంటూ కింది తరగతి రేసులు నడిపాడు. రెండో ఏడే గెలిచాడు. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఎనభైల చివరికి అన్నిటికన్నా పై తరగతికి చేరాడు. కానీ దొరికింది చిన్న టీము. ఆ కారు ఎంత నెమ్మదంటే, చాలా చోట్ల శనివారం జరిగే అర్హత పరీక్షలోనే తప్పిపోయి ఆదివారం రేసుకి దిగకుండానే ఇంటికి పోయేవారట.

ఒకసారి వానలో మాత్రం ఏడో స్థానంలో వచ్చాడు. ఆ రోజుల్లో ఆరో స్థానం దాకానే పాయింట్లు. "ఆ ఏడో స్థానం ఎక్కడా రాసి ఉండదు. నాకు మాత్రం ప్రతి మలుపూ గుర్తుంది" అన్నాడు. కింది తరగతిలో గెలిచిన రేసుల గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో అంత వెలుగు లేదు. తర్వాత ఏమైందని అడిగాను. మానేశానన్నాడు. ఎందుకని అడిగితే పెట్రోలు ముల్లు చూసి, హైమాలో నింపుదాం అన్నాడు.

హైమా చేరేసరికి పదకొండుంపావు. అయిదు వందల నలభై కిలోమీటర్లు, అంటే సగం దారి. పెట్రోలు కోసం అందరూ అక్కడ ఆగాల్సిందే. ఇప్పటికీ అంతే. బంకు పక్కన కార్డు ఫోను ఉంది. అక్క పనిచేసే ఇంటికి చేశాను. ఎవరో ముసలావిడ ఎత్తింది. నాకొచ్చిన అరబీ డ్యూటీకి సరిపోయేంతే. అక్క పేరు చెప్పి అడిగితే ఆవిడ గడగడా ఏదో చెప్పింది. అందులో నాకు మూడే ముక్కలు తెలిశాయి. ముస్తష్ఫా, ఆసుపత్రి. అమలియా, ఆపరేషన్. చివరిది ఖలాస్. కార్డు అయిపోయి ఫోన్ కట్టయింది.

గల్ఫులో ఉన్నవాళ్లకి ఖలాస్ అంటే చెప్పక్కర్లేదు. పని ముగిసినా ఖలాసే, అన్నం మిగల్లేదన్నా ఖలాసే, మనిషి పోయినా ఖలాసే. మన 'అయిపోయింది' లాంటి మాట. ఏది అయిపోయింది? సంతకం పెట్టనన్న మనిషికి ఆపరేషన్ ఎలా అవుతుంది? ఆలోచించిన కొద్దీ నాకు ఒక్క అర్థమే మిగిలింది. బండెక్కి తలుపు వేసుకున్నాను.

బండి కదిలింది. మళ్లీ అదే నూరు. ఓ పది నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు. మా అక్క చనిపోతోంది, ఈపాటికి చనిపోయిందో ఏమో, మీరు రేసులు నడిపిన మనిషి, ఈ రోడ్డు మీద నూట అరవైలో పోవచ్చు, మీకు చేతకాకపోతే నాకివ్వండి అన్నాను. అరిచినట్టే అన్నాను. నాకన్నా పెద్దవాడని, ఆఫీసరని కూడా చూడలేదు.

ఆయన బండిని రోడ్డు దించి ఆపాడు. ఇంజిన్ ఆపలేదు. రోడ్డు వంకే చూస్తూ చెప్పాడు.

"నేను ఎందుకు మానేశానో అడిగావు కదా. మా నాన్నకు గుండెపోటు వచ్చిందని ఒకరోజు ట్రాకు దగ్గరికి కబురొచ్చింది. విమానం అందుకోవాలి. టైముంది. అయినా నేను తొందరపడ్డాను. వాన పడుతోంది, మామూలు రోడ్డు. తోడు వస్తానని నా మెకానిక్ ఎక్కాడు. నువ్వు కూర్చున్నవైపే కూర్చున్నాడు. మలుపులో లారీని గుద్దాను. నాకు చెయ్యి విరిగింది. అతను అక్కడే చనిపోయాడు."

మరి మీ నాన్నకేమైందని అడిగాను.

"బతికే ఉన్నాడు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే లేచి రొట్టెలు కాలుస్తాడు. నేను రెండు రోజులు ఆలస్యంగా వెళ్లినా ఆయనకేం తేడా ఉండేది కాదు."

చెయ్యి అతుక్కున్నాక టీము వాళ్లు రమ్మన్నారట. కారులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడట గాని స్టార్ట్ చెయ్యలేక దిగిపోయాడట. అలా ఆయన రేసులు ముగిశాయి. మళ్లీ గేరు వేస్తూ అన్నాడు, "అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు శివా. నువ్వు మాత్రం అక్కడికి చేరతావు. అది నా పూచీ."

కోపం పోయింది, భయం మాత్రం పోలేదు. ఘఫ్తైన్‌లో భోజనానికి ఆగాం. రెస్ట్‌హౌసు వంటవాడు కన్నూరు మనిషి, చేపల పులుసు, అన్నం పెట్టాడు. నేను తినకుండా కూర్చుంటే సంగతి అడిగి తెలుసుకుని, ఇంకో గరిటె పులుసు పోశాడు. సలాలాకి ముందొచ్చే కొండ మీద మబ్బు బాగా దిగిందని, నిన్న ఒక పికప్పు రోడ్డు దిగి పడిపోయిందని, వెలుతురుండగానే కొండ దిగమని ఒటావియోకి చెప్పాడు. ఖిత్‌బిత్ దాటి తుమ్రైత్ చేరేసరికి నాలుగున్నర. అక్కడ మళ్లీ టీ, మళ్లీ టైర్లు, లైట్లు, వైపర్లు. ఈసారి ఆయనతో పాటు నేనూ దిగి చూశాను.

తుమ్రైత్ దాకా ఎండ నలభై అయిదు డిగ్రీలు. అక్కడి నుంచి ముప్ఫై నలభై కిలోమీటర్లు పోగానే కొండ అంచు వస్తుంది. అక్కడ ఎండ తెగిపోయి తెల్లగా మబ్బు మొదలవుతుంది. ఎదురుగా గోడ కట్టినట్టు ఉంటుంది. అద్దం మీద సన్న తుంపర, రెండు పక్కలా పచ్చగడ్డి. పొద్దుటినుంచీ ఎడారి చూసిన కళ్లకి అది నమ్మబుద్ధి కాదు. ఒటావియో అద్దం దించి, వేగం ముప్ఫైకి తగ్గించాడు. తర్వాత ఇరవై. రోడ్డు మీద తెల్లగీత తప్ప ఏమీ కనబడదు. వెనకనించి ఎవడో హారను కొడుతూనే ఉన్నాడు. ఆయన పట్టించుకోలేదు.

ఒక మలుపు తిరిగేసరికి బ్రేకు పడింది. ఎదురుగా ఆవులు. ఎడారి దేశంలో రోడ్డుకడ్డంగా ఆవుల మంద, ఇరవై దాకా ఉంటాయి, చిన్న చిన్న ఎర్రావులు, కొన్ని పడుకుని నెమరేస్తున్నాయి. మొదటి ఆవుకీ మా బంపరుకీ మధ్య ఆరడుగులు. దాని కళ్లు నాకు స్పష్టంగా కనిపించాయి. ఆ పక్కనే లోయ. మేం నూట అరవై కాదు, అరవైలో వచ్చినా ఏమయ్యేదో నేను మెకానిక్‌ని కాబట్టి నాకింకా బాగా తెలుసు. ఒటావియో నాలుగు లైట్లూ మిణుకుమనేలా నొక్కి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఆవులు లేచేదాకా కూర్చున్నాడు. నేను సారీ సార్ అన్నాను. ఆయన తల ఊపాడు.

ఆరూ ఇరవైకి ఆసుపత్రి ముందు దిగాను. వార్డు వెతుక్కుంటూ పరుగెత్తాను. కిటికీ పక్క మంచం మీద అక్క ఉంది. చేతికి సెలైను, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కన కుర్చీలో వాళ్లింటి మేడమ్ కూర్చుని ఉంది. నేను మంచం కొస పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అక్క మొదటి మాట, "లీవు ఇచ్చినారా, లేకుంటే చెప్పకుండా వస్తివా?"

జరిగింది ఇది. పొద్దున అక్కకు నొప్పి ఎక్కువైంది. మేడమ్ మంచం మీదే కూర్చుని, తన అయిదు కాన్పుల గురించి, తన కడుపు మీది కోతల గురించి చెప్పి, చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించిందట. మత్తు ఇచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదట. పది గంటలకల్లా ఆపరేషన్ అయిపోయింది. నేను హైమాలో ఫోన్ చేసేసరికి ఇంట్లో ఉన్న ముసలావిడ, మేడమ్ వాళ్లమ్మ, నాకు చెప్పింది ఆ శుభవార్తే. ఆపరేషన్ ఖలాస్. ఏడు గంటల సేపు నేను చచ్చిపోయిందనుకున్న మనిషి ఆ ఏడు గంటలూ నిద్రపోతూ కోలుకుంటోంది.

కాసేపటికి ఒటావియో తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎవరని అక్క అడిగింది. నన్ను తీసుకొచ్చింది ఆయనేనని, పెద్ద పెద్ద రేసులు నడిపిన డ్రైవరని చెప్పాను. ఎన్నింటికి బయల్దేరినారని అడిగింది. పొద్దున అయిదింటికి అన్నాను. అక్క గోడ గడియారం చూసి, ఆయన్ని చూసి, నిదానంగా అంది, "రేసు డ్రైవరైతే ఇంతసేపెందుకు పట్టిందిరా?"

ఆయన ఏమంటోందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూ వరండా బెంచీ మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. అది పూర్తిగా నవ్వే అని నేను చెప్పలేను. లేచొచ్చి అక్కకు నమస్కారం పెట్టాడు, మనలాగే రెండు చేతులూ జోడించి.

ఒటావియో ఇంకో ఏడాదిన్నర మా కంపెనీలో ఉండి బ్రెజిల్ వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న కొట్టు చూసుకుంటూ, బడి బస్సుల డ్రైవర్లకు నేర్పుతున్నానని ఒక ఉత్తరం రాశాడు. ఆయన నడిపిన రేసు ఒక్కటి కూడా నేను చూడలేదు. కానీ ఆయన పక్క సీట్లో వెయ్యి కిలోమీటర్లు కూర్చున్నాను. ఎంత తొందరగా వెళ్లగలడో తెలిసిన మనిషికి అలా వెళ్లకుండా ఉండడానికి ఎంత బలం కావాలో నాకు ఆ రోజు తెలిసింది. అక్క ఇప్పుడు రాజంపేటలో మనవరాలిని ఆడించుకుంటోంది.

మీరు వెళ్లేటప్పుడు ఒక్క పని చెయ్యండి. ఇప్పుడు రోడ్డు చాలావరకు వెడల్పయింది, బండ్లు మెరుగయ్యాయి, కొండ మీది మబ్బు మాత్రం మారలేదు. సలాలాలో మీకోసం ఎదురుచూసేవాళ్లకి చేరే టైము చెప్పేటప్పుడు మీ లెక్కకి రెండు గంటలు కలిపి చెప్పండి. ఇక దారిలో మిమ్మల్ని ఎవరూ తరమరు.