చెల్లెలికి తెచ్చిన నీళ్ళు

ఉరవకొండ చుట్టుపక్కల బోర్ల నీళ్ళు, కుంటల్లోని పూడికమట్టి సీసాలకెత్తుకోని పోయి, చేన్లకు కొట్టిన పురుగుమందు వాటిలో ఎంత మిగిలిందో చూడడం నా పని. యాడికి పోయినా "ఏమక్కా, ఈ నీళ్ళు తాగొచ్చా?" అని అడుగుతారు. రిపోర్టు రానీండప్పా అని తప్పించుకుంటా. మా ఊర్లో మాత్రం అట్ల తప్పించుకునేదానికి కాలేదు. మా చెల్లెలు కాన్పుకని పుట్టింటికొచ్చి ఉండాది. ముందోసారి దానికి కడుపు నిలవలేదు. ఈసారన్నా నిలవాలని ఇంట్లో అందరమూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకోనుంటిమి.

మా బోరు పక్కనే మిరపతోట. దానికి ఎప్పుడు చూసినా మందు కొడతానే ఉంటారు. ఆ నీళ్ళు గూడా సీసాకు పట్టుకుంటి. "రిపోర్టు వచ్చేదాకా ఈ నీళ్ళు తాగొద్దు మ్మే" అని చెల్లెలికి గట్టిగా చెప్పినా. నాయన పక్కనే ఉండి వినినాడు.

ల్యాబులో ఉన్నన్నాళ్ళూ నాకు కుదురు లేదు. మిషను ముందర కూచుంటే చెల్లెలి మొగమే కండ్లముందర. ఇంట్లోంచి ఫోనొస్తే చాలు, చేసే పని ఇడిసి పరిగెత్తేదాన్ని. చివరికి రిపోర్టు వచ్చినాది. మా బోరులో మందు జాడే లేదు! ఎంత ఏడుపొచ్చిందో. ఈ మాట ఫోన్లో చెప్పబుద్ధి కాక, బస్సెక్కి ఇంటికే పోయినా.

వాకిట్లోనుంచే అరిచినా. "మన నీళ్ళు బాగుండాయి మ్మే! తాగు, దండిగా తాగు!"

చెల్లెలు చెంబు చేతిలో పట్టుకోని నవ్వింది. "నేనేమన్నా దప్పికతో ఉండానా యేం? నువ్వు చెప్పిపోయినకాడి నుంచీ నాయన ఫిల్టరు నీళ్ళే తెస్తాండాడు, నా ఒక్కదానికే."

అరుగు మీద తెల్ల క్యాను, తళతళ మెరుస్తాండాది. మూతి పక్కన, పీకేయగా మిగిలిన కాగితం ముక్క. దాని మీద ఎర్ర త్రికోణం. పురుగుమందు డబ్బాల మీద ఉండే గుర్తు అది, నన్ను నిద్రలో లేపి చూపించినా చెప్తా.

"యాడిది నాయనా, ఈ క్యాను?"

"పక్క మిరపతోట ఆయప్ప ఇచ్చినాడు. మందు అయిపోయిన క్యానే. చింతపండు, బూడిద ఏసి బాగా తోమితి. చేన్లకు అందరూ ఇట్లాంటి వాటిల్లోనే కదా నీళ్ళు తీస్కపోయేది? వాసన సూడు, ఉండాదేమో."

చెల్లెలి చేతిలో చెంబు అట్లనే ఆగిపోయింది. "అక్కా, రోజూ ఇవే తాగినా. బిడ్డకేమన్నా అవుతాదా?"

రిపోర్టు రానీ అని నా చెల్లెలితో ఎట్లంటా? క్యాను నీళ్ళు సీసాకు వంచుతాంటే సగం కిందపోయినాయి. "పద, డాక్టరమ్మ దగ్గరికి" అన్నా.

నాయన క్యాను మూతి ముక్కుకానించుకోని, "వాసన లేదు కదమ్మా... వాసన లేదే" అని మాతో ఒకసారి, తనలో తాను ఒకసారి అంటానే ఉండాడు. ఆటో వచ్చి నిలబడినా ఆ క్యాను కింద పెట్టలేదు.