చక్కెర లేకుండా చెన్నయ్య చేసిన చాక్లెట్టు

గద్వాల చుట్టుపక్కల జాతరలకు పోయినవాళ్ళలో చెన్నయ్య జిలేబీ తిననివాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే ఒక్కడున్నాడు. చెన్నయ్యే! నవ్వొస్తుంది గానీ నిజం. చిన్నతనంలో రాయచూరులో ఒక మిఠాయి దుకాణంలో పనికి కుదిరాడు. ఆ సేటు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట పెట్టే పని తినడం. ఎంత కావాలంటే అంత తినమనేవాడు. పిల్లలు ఆశకొద్దీ కడుపు పగిలేలా తినేవాళ్ళు, కక్కుకునేవాళ్ళు, జ్వరం తెచ్చుకునేవాళ్ళు. ఆ తర్వాత జన్మలో మిఠాయి వంక చూసేవాళ్ళు కాదు. దుకాణంలో దొంగతనాల బాధ ఉండేది కాదు. మహా గడుసు సేటు. అక్కడ చెన్నయ్యకు పని పట్టుబడింది, తీపి మీద మనసు మాత్రం విరిగిపోయింది.

మరి రుచి చూడనివాడు మిఠాయి ఎలా చేస్తాడు? అందుకే పెళ్ళాం జములమ్మ ఉంది.

పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళ పద్ధతి ఒకటే. జమ్ములమ్మ దేవత జాతర గానీ, కురుమూర్తి జాతర గానీ, అలంపురం శివరాత్రి గానీ, గుడారం కట్టగానే చెన్నయ్య కడాయి దగ్గర, జములమ్మ తక్కెడ దగ్గర. మొదటి వాయి దిగగానే ఒక ముక్క ఆమె చేతిలో పెట్టి పక్కన నిలబడేవాడు, బడిలో పంతులు ముందు నిలబడ్డట్టు. ఆమె కళ్ళు మూసుకుని నమిలేది.

"పాకం ఇంకో పొంగు రావాల్సుండె," అనేది. లేకపోతే, "యాలకులు పోయినేటివి ఏసినవ్. నన్నే మోసం చేద్దామనుకున్నవా?" అనేది.

బాగుంది అన్న మాట మాత్రం ఆమె నోట ఎన్నడూ రాలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోతే ఏం మాట్లాడకుండా తక్కెడ అందుకుని, "రాండ్రి రాండ్రి, ఏడేడి జిలేబీ!" అని కేకేసేది. ఆ కేక వింటే చాలు, చెన్నయ్యకు ఆ రోజు ఆకలి కూడా తెలిసేది కాదు. ఒకసారి ఉక్రోషం పట్టలేక అడిగేశాడు.

"ఒక్కసారన్న మంచిగుందంటే నీ సొమ్మేం పోతదే?"

"మంచిగుందని జాతరల అందరంటరు. గా మాటకు నేనెందుకు?" అంది జములమ్మ.

ఆమె నాలుకను నమ్ముకునే ఆయన బతికాడు. ఆ నాలుకే ఆమె కొంప ముంచింది. చక్కెర బీమారి ఉందని, తీపి ముట్టొద్దని డాక్టరు చెప్పిన సంగతి జములమ్మ మొగుడికి చెప్పలేదు. చెబితే ముక్క చేతిలో పెట్టడు కదా! ముక్క పెట్టకపోతే మిఠాయి ఎట్లుందో ఆయనకు చెప్పేవాళ్ళెవరు? అలా దాచుకుని, జాతర జాతరకూ రుచి చూస్తూనే వచ్చింది. కాలి వేలికి పుండు పడి, అది మానక, చివరికి కాలు మోకాలి కింద తీసేశాక గానీ చెన్నయ్యకు విషయం తెలియలేదు. ఎంత పిచ్చిది! ఎంత మొండిది! తెలిసిన రోజు ఆయన కడాయి, జల్లిగంటె, తక్కెడ అన్నీ తీసుకెళ్ళి పాత సామాన్లవాడికి వేసి వచ్చాడు. మళ్ళీ పొయ్యి ముందు కూర్చోలేదు.

ఆ తర్వాత ఆమె చూపు మందగించింది. మనిషి అడ్డం వస్తే నీడ కదిలినట్టు తెలిసేది, అంతే. అటు తర్వాత కిడ్నీలు. రక్తం కడిగే మిషన్ కోసం ఇద్దరూ వనపర్తిలో కూతురు వనజ ఇంటికి చేరారు. వనజ జాకెట్లు కుడుతుంది. మేడ మీద అద్దెకుండే రేఖ ఇంట్లోనే చాక్లెట్లు చేసి కాలేజీ పంతుళ్ళ ఇళ్ళకు అమ్ముతుంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు మిషన్ మీద ఉండగానే జములమ్మ స్పృహ తప్పింది. తేరుకున్నాక డాక్టరు తండ్రీ కూతుళ్ళను పక్కకు పిలిచాడు.

"ఇంక మిషన్ ఆమె తట్టుకోలేదు. ఇంటికి తీసుకుపోండి. పథ్యాలేమీ పెట్టుకోకండి. ఏమడిగితే అది పెట్టండి," అన్నాడు.

చెన్నయ్య మొహం వెలిగిపోయింది. పథ్యం తీసేశారు! ఆటో ఎక్కిన దగ్గర్నుంచి ఒకటే మాట. ఆటో అతనికి కూడా చెప్పాడు, "మా ముసల్దానికి పథ్యం తీసేసిండ్రు బిడ్డా, ఏమన్న తినొచ్చన్నరు," అని. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. వనజ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎండకేమో అనుకున్నాడు అమాయకుడు.

ఇంటికి రాగానే మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏం గావాలె చెప్పు జములీ. జిలేబీ పొయ్యనా? మైసూర్‌పాక్ చెయ్యనా?"

జములమ్మ దుప్పటి కింద కాలు లేని చోట చేత్తో తడుముకుంది. తర్వాత మెల్లగా అంది.

"నీ చక్కెర నాకొద్దు. నా కాలు తిన్నది సాలు. మీద రేఖ చక్కెర లేకుండ చాకిలెట్టు చేస్తదట గదా. గది చెయ్యి."

"నేనా? నాకేం తెలుసే గది?"

"అవును మరి. చక్కెర లేకుంటే నీకేం చేతనైతది?" అంది, పెదవి ఒక పక్కకు లాగి.

పౌరుషం వచ్చింది చెన్నయ్యకు. ఎన్నాళ్ళయింది ఆమె అట్లా ఎగతాళి చేసి! మెట్లు ఎక్కి పోయి రేఖ తలుపు తట్టాడు. పథ్యం తీసేశారని, జములమ్మ చాక్లెట్టు అడిగిందని, జర నేర్పించమని గబగబా చెప్పాడు. రేఖ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"పెదనాయినా... పథ్యం తీసేసిండ్రంటే... గట్ల ఎప్పుడు చెప్తరో..." అని ఆపేసింది.

ఆమె మిగతా మాట అననక్కర లేకపోయింది. ఆటో అతని చూపు, వనజ కొంగు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. చెన్నయ్య గడపలోనే కూలబడ్డాడు. జములమ్మ పోతుంది. పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. తెలియనివాడు తానొక్కడే, ఊరంతా సంబరంగా చెప్పుకుంటూ వచ్చాడు. గడపకు తల ఆనించి, ఎవరు చూస్తే ఏమని, గట్టిగా ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఎట్ల చేస్తరమ్మా గది?" అన్నాడు.

రేఖ ముందు పెట్టిన సామాను చూస్తే ఆయనకు మిఠాయి సామానులా అనిపించలేదు. వేయించని పచ్చి కోకో గింజలను విసిరి చేసిన పొడి, మైనంలా గట్టిగా ఉన్న కోకో వెన్న, ఎండు ఖర్జూరం పొడి, చిటికెడు ఉప్పు. అంతే. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అందులో వెన్న కరిగించి, పొడులు కలపాలి.

"వండొద్దు పెదనాయినా. ఏలు పెడితే గోరెచ్చగుండాలె, గంతే. ఎక్కువ కాగితే పచ్చి చాక్లెట్ కాదు ఇంక. అట్లనే చక్కెర లేకున్నా ఖర్జూరం తీపే, బీమారి ఉన్నోళ్ళు ఎక్కువ తినొద్దు," అంది. ఆ చివరి మాట అలవాటుగా అనేసి నాలుక కరుచుకుంది.

పొయ్యి మండకుండా మిఠాయా! చెన్నయ్యకు నమ్మకం కలగలేదు. అయినా కిందికి తెచ్చుకుని మొదలుపెట్టాడు. వెన్న కరిగింది, పొడులు కలిశాయి, నల్లగా నున్నగా నిగనిగలాడుతోంది. వెంటనే చెయ్యి తన పని తాను చేసేసింది. పాకం చూసేవాడి చెయ్యి అది. వేళ్ళు చన్నీళ్ళలో ముంచి, ఆ తడి వేళ్ళను గిన్నెలో పెట్టి ఇంత తీసి చూశాడు. అంతే, చూస్తుండగానే అదంతా బిగుసుకుపోయి రేగడి మన్నులా ముద్దకట్టింది. ఎంత కలిపినా కలవదు. మంచం మీద నుంచి జములమ్మ గొంతు వినిపించింది.

"గడ్డ కట్టిందా?"

"నీకెట్ల తెలుసే? కండ్లు కనవడ్డయా?"

"గంటె చప్పుడు మారింది."

నవ్వింది జములమ్మ. నవ్వి నవ్వి ఆయాసపడింది. రేఖ దిగివచ్చి చూసి, "నీళ్ళు తగిలినయా? ఒక్క చుక్క తగలొద్దు దీనికి," అని తల కొట్టుకుంది.

మర్నాడు రెండోసారి చెన్నయ్య చేతులు పొడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నాడు. కానీ వెన్న ఎంతకీ కరగడం లేదనిపించింది. జములమ్మ ఆ రోజు పొద్దుటి నుంచీ కళ్ళు తెరవలేదు. ఆయనకు భయం పట్టుకుంది. తొందరలో గిన్నె ఎత్తి నేరుగా గ్యాసు మంట మీద పెట్టాడు. ఇల్లంతా మాడు వాసన. అది పారబోస్తూ తనను తానే తిట్టుకున్నాడు, "పెద్ద కడాయిలు ఏలినోనివి, గింత గిన్నె చేతగాకపాయె నీకు!" అని.

రేఖ దగ్గర వెన్న అడుగంటింది. మిగిలిందంతా తెచ్చి ఇచ్చింది. ఈసారి చెన్నయ్య తొందరపడలేదు. పొయ్యి ఆర్పేసి, వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి, చంటిపిల్లను నిద్రపుచ్చినట్టు మెల్లగా కలుపుతూ కూర్చున్నాడు. పోసే అచ్చులు రేఖ ఇస్తానంటే వద్దన్నాడు. చిన్న స్టీలు పళ్ళెంలో పోసి, రేఖ ఫ్రిజ్‌లో పెట్టించి, గట్టిపడ్డాక మైసూర్‌పాక్ కోసినట్టు ముక్కలు కోశాడు. కోసిన అంచు తళతళలాడింది. ఎన్ని జాతరలు చేసినవాడు, ఇంత భయం ఎన్నడూ పడలేదు.

మధ్యాహ్నం వేళ. ఎండకు కిటికీకి తడిగుడ్డ కట్టారు. జములమ్మకు మెలకువ వచ్చింది. వనజ కుట్టు మిషన్ ఆపి గుమ్మంలో నిలబడింది. చెన్నయ్య చిన్న ముక్క తీసి పెళ్ళాం నోట్లో పెట్టి, పక్కన నిలబడ్డాడు. ఆమె కళ్ళు మూసుకుంది. దవడ మెల్లగా కదిలింది. ఏ వంక పెడుతుందో అని ఆయన చూస్తున్నాడు.

"మంచిగుంది," అంది జములమ్మ.

చెన్నయ్య పళ్ళెం పక్కన పెట్టాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏం తక్కువైంది చెప్పు."

"ఏం తక్కువ గాలె."

"అబద్ధమాడకు జములీ. నా మీద ఒట్టు. చెప్పు."

ఆమె కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

"నాకేం తెలుస్తలేదు వనజ నాయినా. ఉప్పు తెలుస్తలేదు, పులుపు తెలుస్తలేదు. బువ్వ తిన్నా మన్ను తిన్నా ఒక్క తీరుగుంది. ఎన్నడో పోయింది నా నాలిక. చెప్తే నువ్వు పరేషానైతవని చెప్పలె."

"మరి ఎందుకు చెయ్యమంటివే? ఎవ్వలి కోసం చేసిన నేను గిదంత?"

"నువ్వు పొయ్యి కాడ లేకపోతే నాకు ఇల్లు ఇల్లు లెక్క లేకుండె. గంటె చప్పుడు ఇనబుద్దయ్యింది," అంది.

ఆయన ఆమె పొట్ట మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన జుట్టులో ఆగింది. ఆ చేతిలో బరువే లేదు.

"ఏడుపు తర్వాత. నువ్వు తిని చెప్పు నాకు," అంది.

"నేనా?"

"ఇంకెవ్వలు? నేను ఇన్నేండ్లు చెప్పలేదా?"

రాయచూరు దాటిన తర్వాత నోట్లో తీపి పెట్టని మనిషి ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"మంచిగుంది," అన్నాడు ఏడుపు గొంతుతో.

"మంచిగుందంటే నాకేం తెలుస్తది? సక్కగ చెప్పు."

"చేదుగుందే. కాకరకాయ చేదు గాదు... కాఫీ గింజ కొరికినట్ల. నాలిక మీద పెట్టంగనే వెన్న లెక్క జారిపోతుంది. జారినంక ఎనక నుంచి మెల్లగ ఖర్జూరం వస్తది."

"గొంతుల దిగినంక?"

"దిగినంక గూడ ఉంటది. పోదు."

"ఇసుక ఇసుక తగులుతుందా?"

"జరంత."

"ఖర్జూరం జల్లెడ పట్టలె నువ్వు," అంది జములమ్మ. చెన్నయ్య ఏడుస్తూనే నవ్వాడు. గుమ్మంలో వనజ కూడా.

"ఇంకోటి తిను," అంది.

ఇంకొకటి తిన్నాడు. చెప్పాడు. ఉప్పు ఎక్కడ తగిలిందో, చేదు ఎక్కడ విరిగిందో, తనకు వచ్చిన మాటల్లో చెప్పాడు. మాట దొరక్కపోతే ఆమే అడిగి అందించింది. వింటూ వింటూ ఆమె కూడా గుటక వేస్తోంది. గొంతు సన్నబడుతోంది, అడగడం మాత్రం మానలేదు. ఒక్కో ముక్కా అయిపోతోంది. పళ్ళెం అడుగున నల్లటి పొడి మిగిలింది.

"ఇంకోటి," అంది జములమ్మ.

చెన్నయ్య పళ్ళెం వంక చూశాడు. అయిపోయిందంటే ఈ మాట ఆగిపోతుంది, ఆగితే ఆమె మళ్ళీ పలుకుతుందో లేదో. ఖాళీ వేళ్ళు నోటి దగ్గరకు పోనిచ్చి, ఏమీ లేని నోరు మెల్లగా నమిలాడు.

"గిది ఎట్లుంది?"

"గిది..." అన్నాడు చెన్నయ్య, నములుతూనే, "ఆగు చెప్త. జర మెల్లగ తింటున్న."